ఆ బిళ్ళ తీసింది నేను

విశాఖ ఆటోనగర్‌లో మా వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. కొండ మీది మడుగుకి పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు ఒకడు అందరితోపాటు కిందికి దిగివచ్చాడట. తన బిళ్ళ తాను తీసుకున్నాడట. రైలు రావడానికి ఇంకా టైముంది కదా అని కల్లు కోసం మళ్ళీ పైకెక్కి, తాగి పడి, కాలు విరగ్గొట్టుకుని, రాత్రంతా అడవిలో ఉండిపోయాడట. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి దీన్ని జాగ్రత్త పాఠంగా చెబుతారు. చివర్లో అందరూ నవ్వుతారు. చాలా ఏళ్ళు నేనూ నవ్వాను. కొన్నిసార్లు చెప్పింది కూడా నేనే.

ఆ కథలో కొండ నిజం, మడుగు నిజం, విరిగిన కాలు నిజం. అతను కిందికి దిగివచ్చాడన్నది అబద్ధం. అతని బిళ్ళ తీసింది నేను.

బిళ్ళ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మా వర్క్‌షాపు చిన్నది, ఇరవై మందికి మించం. ఆయిలు ట్యాంకులు, ఓడల్లో నీళ్ళ ట్యాంకులు, ఫ్యాక్టరీల బాయిలర్లు, ఇలా మనిషి లోపలికి దూరి చేయాల్సిన రిపేర్లు మా పని. ట్యాంకుకి ఒక్కటే కన్నం ఉంటుంది, మనిషి భుజాలు పట్టేంత. లోపల చీకటి, వేడి, గాలి ఆడదు. పని అయ్యాక ఆ కన్నానికి మూత పెట్టి బోల్టులు బిగించేస్తారు. లోపల ఎవరైనా మిగిలిపోతే అంతే సంగతులు. అందుకని మా మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇచ్చాడు. లోపలికి దూరేముందు ఎవరి బిళ్ళ వాళ్ళు కన్నం పక్కన కట్టిన తీగకి తగిలించాలి. బయటికొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. తీగ ఖాళీ అయితేనే మూత. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకుంటే ఆ రోజే పనిలోంచి తీసేస్తాడు. అలా ఒకణ్ణి తీసేయడం నేను కళ్ళారా చూశాను.

మేస్త్రి విశాఖ పాత ఊరి ముస్లిం. వాళ్ళ నాన్నా తాతా కూడా ఓడల బాయిలర్లు బాగుచేసినవాళ్ళే. ఆయన తలలు లెక్కపెట్టేవాడు కాదు. "తలకాయలు లెక్కెడితే తప్పైపోద్ది భాయ్. ఒకణ్ణే రెండుసార్లు లెక్కెట్టీగలం. బిళ్ళ అలా కాదు. ఉంటే ఉన్నాడు, నేకపోతే నేడు. బస్" అనేవాడు.

లోపలికి దూరిన ప్రతి మనిషికీ కన్నం దగ్గర ఒక కాపలా మనిషి ఉండాలన్నది రెండో నియమం. కొండ కథలోని అతనికి నేనే కాపలా మనిషిని. అతను నాకంటే రెండేళ్ళు పెద్ద. జాలారిపేటవాడు. ఇంట్లో అందరూ సముద్రం మీదికి చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. నలుగురన్నదమ్ముల్లో చివరివాడు కావడంతో పడవలో చోటు దొరక్క ఆటోనగర్ వచ్చాడు. సన్నటి మనిషి, ఎంత చిన్న కన్నంలోనైనా దూరిపోయేవాడు. నావి వెడల్పాటి భుజాలు. అందుకని అతను లోపల, నేను బయట. అతని నడుముకి కట్టిన తాడు కొస నా చేతిలో ఉండేది. ఏడేళ్ళపాటు నా ఉద్యోగం, నిజం చెప్పాలంటే, అతని కోసం ఎదురుచూడటమే. బంధుత్వం ఏమీ లేకపోయినా ఒకర్నొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం.

లోపలినుంచి అతని గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చేది.

"బావా, ఉన్నావేటి?"

"ఉన్నానెహె."

"సప్పుడు నేకపోతే టీకెల్లిపోయావేమో అనుకున్నాను."

"నువ్వు రాకుండా నానెక్కడికెల్తాను?"

ఈ మాటలు రోజుకి పదిసార్లు అనుకునేవాళ్ళం. అర్థం కోసం కాదు, గొంతు వినపడటం కోసం.

ఏటా వానలు వెనకబట్టాక ఒక ఆదివారం అందరం కొండకి వెళ్ళేవాళ్ళం. పొద్దున్నే అరకు పాసింజరు ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఘాటు మధ్యలో ఒక చిన్న స్టేషనులో దిగేవాళ్ళం. సాయంత్రం తిరిగొచ్చే పాసింజరే మాకు వెనక్కి దారి. అది తప్పితే మర్నాటిదాకా ఇంకోటి లేదు. స్టేషను నుంచి పావుగంట నడిస్తే గెడ్డ. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు దాటితే ఒక పనస చెట్టు. అక్కడ మొదలవుతుంది అడవి దారి. రెండు గంటల ఎక్కుడు. పైన, మూడు శిఖరాల నడుమ నీళ్ళు నిలిచి ఉంటాయి. ఊరివాళ్ళు దాన్ని మడుగు అంటారు. మేము తెచ్చిన ఫోటోలు చూసి మా ఇళ్ళలో సరస్సు అనేవారు.

మేస్త్రికి మోకాళ్ళ నొప్పులు. ఆయన కొండ ఎక్కేవాడు కాదు, పనస చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చునేవాడు. మొదటి ఏడాది ఇద్దరు దారి తప్పి, రైలు కదులుతుంటే పరుగెత్తుకొచ్చి ఎక్కారు. ఆ మరుసటి ఏడాది ఆయన ట్యాంకు దగ్గర కట్టే తీగనే సంచిలో వేసుకొచ్చి చెట్టుకి కట్టాడు.

"కొండైతే ఏటి, ట్యాంకైతే ఏటి? లోపలికెల్లినోడు బిళ్ళ తగిలించాల్సిందే" అన్నాడు.

నవ్వుకుంటూనే తగిలించాం. రెండేళ్ళు గడిచేసరికి అది మాకు ఆనవాయితీ అయిపోయింది. అడవి గాలికి ఆ ఇత్తడి బిళ్ళలు ఒకదానికొకటి తగిలి మోగేవి.

నేను చెబుతున్నది తొంభైల చివర ఒక ఏడాది సంగతి. నాకు పెళ్ళై అప్పటికి ఏడాది కాలేదు. ఆ ఏడు వానలు ఆలస్యంగా వెళ్ళాయి. దారంతా తడి. మొదట కాఫీ తోటలు, పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు. నీడ చల్లగా ఉంటుంది, దారి కూడా మెత్తగా ఉంటుంది. అక్కడ అందరూ పెద్ద గొంతుతో మాట్లాడుకుంటారు. అతను నా వెనక నడుస్తూ నా నడక మీద జోకులు వేస్తున్నాడు.

"ఏటి బావా, పెల్లైన కాణ్ణుంచి బొజ్జ ముందెల్తంది, నువ్వెనకాలెల్తన్నావు."

"నీకు కుల్లు."

"నాకేటి కుల్లు? నువ్విలాగే పెరిగితే కన్నం కాడ మూతక్కర్నేదు, నువ్వే అడ్డం నిలబడొచ్చు."

కొండ ఎక్కేటప్పుడు మాటలు మొదటి అరగంటే. వెదురు పొదలు మొదలయ్యాక ఎవరి ఊపిరి వాళ్ళది. కాళ్ళ కింద ఎండిన వెదురాకు తడిసి జారుతుంది. ఎదుటివాడి మడమలు తప్ప ఏమీ కనిపించవు. ఆ మౌనం నాకిష్టం. సముద్రానికి ఎదురుగా పుట్టి పెరిగినవాళ్ళకి అంతా దూరంగానే కనిపిస్తుంది, ఓడలు, లైట్‌హౌసు, ఆకాశం అంచు. అడవిలో ఏదీ రెండు గజాలకు మించి కనిపించదు. మనసు కూడా అంతలోనే తిరుగుతుంది. ఈ రాయి మీద కాలు వేయాలా, ఆ వేరు పట్టుకోవాలా, అంతే. వర్క్‌షాపులో వారమంతా మోసిన చిరాకులు ఎక్కడ జారిపోయాయో తెలిసేది కాదు.

వెదురు దాటాక నిటారుగా ఉన్న ఒక భాగం వస్తుంది. మేము దాన్ని నిచ్చెన అనేవాళ్ళం. మట్టి కొట్టుకుపోయి వేళ్ళు మెట్లలా బయటపడి ఉంటాయి. చేతులు వాడకుండా ఎక్కలేం. సామాను మోస్తూ ఒక్కడే ఎక్కడం గానీ దిగడం గానీ కుదరదు. ఒకడు కింద నిలబడి అందివ్వాలి, ఒకడు పైనుంచి అందుకోవాలి. దిగేటప్పుడు తిరగేసి. నిచ్చెన పైన రెండు పెద్ద రాళ్ళు పక్కపక్కనే ఉంటాయి. అవి దాటితే అరమైలు గడ్డి మైదానం, దాని చివర మడుగు.

మడుగు నీళ్ళు నల్లగా, కదలకుండా ఉంటాయి. చుట్టూ కొండల నీడ వాటిలో తలకిందులుగా పడుతుంది. మిగతావాళ్ళు బట్టలిప్పి దూకేవారు. సముద్రంలో మైళ్ళు ఈదగలిగిన అతను మాత్రం పాదాలు తడుపుకుని గట్టున కూర్చునేవాడు.

"ఉప్పు నేని నీల్లు బావా. మనిషిని పైకెత్తవు. ఈటిని నమ్మలేం" అన్నాడు.

వంట అతనిదే. ఇంటినుంచి వంజరం చేప ముక్కలకి కారం పట్టించి తెచ్చాడు. పెద్ద గుండిగ నిండా పులుసు పెట్టాడు. అందరం ఆకుల్లో తిన్నాం. ఫోటోలు తీసుకున్నాం. రెండు గంటలు దాటాక మబ్బు పట్టింది. మిగతావాళ్ళు చిన్న గిన్నెలు, దుప్పట్లు పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. అతను కదల్లేదు. పొయ్యి మీద దోసిలి దోసిలిగా నీళ్ళు పోస్తున్నాడు. పడవలో వండుకునే ఇంట్లో పుట్టినవాడు. బూడిదలో చెయ్యి పెట్టి చల్లబడిందని చూసుకుంటే తప్ప నిప్పు వదిలి వెళ్ళడు.

"నువ్వు రాళ్ళ కాడికెల్లి ఉండు బావా. గుండిగ తోమీసి పట్టుకొత్తాను. నిచ్చెన కాడ కిందనుంచి నువ్వందుకోవాల" అన్నాడు.

"తొరగా రా. వానొచ్చీలా ఉంది."

నేను రాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. సన్నగా తుంపర మొదలైంది. పొగమంచు గడ్డి మీంచి పాకుతూ వచ్చి మడుగుని కప్పేసింది. నా చీలమండకి జలగ పట్టింది. దాన్ని లాగి పారేశాను. బీడీ వెలిగించాను. అరకు నుంచి వచ్చే బండిలో ఆదివారం కూర్చునే చోటుండదు, ముందు వెళ్ళినవాళ్ళకే సీటు దొరుకుతుంది. ఆ ఆలోచన ఒకటి. బట్టలు తడిసిపోతున్నాయి, అదొకటి. అతను కొండలో నాకంటే చురుకు, గుండిగ అతనికి ఒక లెక్క కాదు, ఇదొకటి. ఇవన్నీ కలిపినా ఒక కారణం కాదు. బీడీ అయిపోయింది. నేను లేచి నిచ్చెన దిగడం మొదలుపెట్టాను.

ఏడేళ్ళలో ఏ ట్యాంకు దగ్గరా నేను నిమిషం కూడా కదల్లేదు. అది ఉద్యోగం. ఇది పిక్నిక్ అనుకున్నాను.

కిందికి వచ్చేసరికి పనస చెట్టు దగ్గర ఎవరూ లేరు. అందరూ స్టేషనుకి వెళ్ళిపోయారు. మేస్త్రి ఒక్కడే, కొంచెం దూరంలో గెడ్డ పక్కన రాతి మీద, వీపు నావైపు పెట్టి నమాజు చేసుకుంటున్నాడు. తీగ మీద రెండే బిళ్ళలు. నాదీ, అతనిదీ.

నేను నా బిళ్ళ ఒక్కటే తీస్తే మేస్త్రి లేచి రెండోది చూస్తాడు. నీ జతగాడేడి అంటాడు. పైన వదిలేసి వచ్చానని చెప్పాలి. ఆయన దృష్టిలో అది కన్నం వదిలి టీకి వెళ్ళిపోవడమే. అతను పది నిమిషాల్లో వచ్చేస్తాడు, వచ్చాక చేతిలో పెట్టేస్తాను అనుకున్నాను. రెండు బిళ్ళలూ తీసి జేబులో వేసుకున్నాను.

మేస్త్రి నమాజు ముగించుకుని వచ్చాడు. ఖాళీ తీగ చూశాడు. విప్పి చుట్ట చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "చలో" అన్నాడు. అంతే. ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా ఉండటానికే కదా ఆ పద్ధతి పెట్టింది.

స్టేషనులో నేను దారివైపే చూస్తూ నిలబడ్డాను. రైలు టైముకే వచ్చింది. జనం కిక్కిరిసి ఉన్నారు. మావాళ్ళు దొరికిన పెట్టెలో దొరికినట్టు ఎక్కారు. మేస్త్రి కిటికీలోంచి "అందరూ ఎక్కారా?" అని అరిచాడు. నాలుగు పెట్టెల్లోంచి "ఎక్కాం!" అన్నారు. అందులో నా గొంతూ ఉంది. అతను పట్టాల పక్క అడ్డదారిన వచ్చి చివరి పెట్టె ఎక్కి ఉంటాడని అనుకున్నాను. అనుకున్నాను అని రాశాను గాని, అది సరి కాదు. అనుకోవాలని ప్రయత్నించాను. విశాఖపట్నంలో దిగాక ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. అతను దిగలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. నేను గాజువాక బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు మధ్యాహ్నానికి కబురు వచ్చింది. పొద్దున్న పశువులు తోలుకెళ్ళిన గిరిజనులకి అతను నిచ్చెన సగంలో పడి కనిపించాడు. డోలీ కట్టి స్టేషనుకి మోసుకొచ్చి, విశాఖ వెళ్ళే గూడ్సు బండి గార్డు పెట్టెలో ఎక్కించారు. చీలమండ రెండుచోట్ల విరిగింది. తలకి పదకొండు కుట్లు పడ్డాయి.

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేను చేసిన పని గురించి చెప్పడమే అన్నిటికంటే కష్టం. అతనికి జ్వరం, మత్తు. మంచం కింద రక్తం అంటిన బట్టలు సంచిలో ఉన్నాయి. అతని భార్య మందులకి వెళ్ళినప్పుడు ఆ చొక్కా జేబులో బిళ్ళ పెట్టేశాను. అతను కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"బావా, నాను రాళ్ళ కాడికొచ్చీసరికి నువ్వు నేవు."

"అదేటి బావా, ఇద్దరం కలిసే దిగాం కదా" అన్నాను. "నా కంటే ముందు నువ్వే బిళ్ళ తీసావు. గుర్తు నేదేటి?"

అతను పైకప్పు వంక చూశాడు. "దిగామేటి?" అన్నాడు.

"దిగాం."

మూడో రోజు అతని భార్య బట్టలు ఉతకబోతూ జేబులో బిళ్ళ చూసింది. అదే సమయానికి మేస్త్రి పక్కనే ఉన్నాడు. బిళ్ళ ఇతని దగ్గరుంది కాబట్టి ఇతను కిందికి దిగినట్టే. దిగినవాడు కొండమీద దొరికాడు కాబట్టి మళ్ళీ ఎక్కినట్టే. ఎందుకెక్కాడు? కొండమీద జీలుగు చెట్ల కల్లు దొరుకుతుంది కాబట్టి, దానికే. కథ దానంతటదే తయారైంది. నేను చేయాల్సిందల్లా ఊరుకోవడమే.

"మరి గుండిగ ఆడి పక్కన ఎందుకున్నాది?" అని ఒక్కడు అడిగాడు వర్క్‌షాపులో. నేను బోల్టుల డబ్బా మీదికి వంగాను.

"ఆడికి గ్లాసు సాల్తదేటి, గుండిగట్టుకెల్లాడు!" అన్నాడు ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ ప్రశ్న అక్కడితో చచ్చిపోయింది.

మూడు నెలలకి అతను కుంటుతూ పనికి వచ్చాడు. మేస్త్రి కోప్పడలేదు. కాని, "బిళ్ళ తీసుకుని మళ్ళీ లోపలికెల్లిపోయే మనిషిని నేను ట్యాంకులో దింపలేను బేటా. ఏదో రోజు నీ మీద మూత బిగించీత్తాను" అన్నాడు. అతను తన మాట చెప్పుకోవడానికి నోరు తెరిచి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "నాకు సరిగ్గా గుర్తు నేదు మేస్త్రీ" అన్నాడు. నెల తిరక్కుండానే మానేసి జాలారిపేట వెళ్ళిపోయాడు. కాలు వంకర కావడంతో పడవ ఎక్కలేడు. గట్టున కూర్చుని వలలు బాగుచేయడం మొదలుపెట్టాడు. మరి కొన్నేళ్ళకి మేస్త్రి పని మానుకుంటే ఆయన చోట్లో నన్ను పెట్టారు. ఆ చోటు అతనికి వచ్చేదని అందరికీ తెలుసు.

పండక్కో పెళ్ళికో అప్పుడప్పుడు అతని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ ఒకటి గమనించేవాణ్ణి. అతను ప్రతిదీ భార్యని అడిగేవాడు. అన్నం తిన్నానా, తలుపు వేశానా, ఈ వల నిన్నటిదా మొన్నటిదా. అన్నలు సముద్రం గురించి ఏదైనా అడిగితే చెప్పబోయి, "నామాటకేటిలే, పెద్దోణ్ణడగండి" అనేవాడు. డాక్టర్లు తలకి ఏమీ కాలేదన్నారు. నేను అతని దగ్గర్నుంచి తీసుకున్నది ఉద్యోగం మాత్రమే కాదని అర్థం కావడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. కళ్ళతో చూసినదాన్ని నమ్ముకునే ధైర్యం ప్రతి మనిషికీ ఉంటుంది. అతనికి అది లేకుండా చేశాను.

రెండువేల తర్వాత ఐదారేళ్ళకి ఒకరోజు నేను ఒక్కణ్ణే ఆ పాసింజరు ఎక్కాను. ఎందుకో ఇంట్లో చెప్పలేదు. నలభై దాటిన ఒళ్ళు, రెండు గంటల ఎక్కుడు మూడు గంటలైంది. వెదురు పొదల్లో ఎదుట నడిచేవాడి మడమలు లేవు. వెనక జోకులు లేవు. చేతి గడియారం చూసుకుంటూ ఎక్కాను. రాళ్ళ దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాను. ఆ రోజు మేము భోజనం ముగించిన వేళకీ రైలు వచ్చిన వేళకీ మధ్య ఒక మనిషి దిగి, కల్లు కోసం మళ్ళీ ఎక్కి, దిగి బండి అందుకోవడానికి ఎలాగూ వీలు లేదు; టైముంది కదా అని ఎవడూ ఎక్కడు. ఈ కొండ ఎక్కిన పద్దెనిమిది మందిలో ఏ ఒక్కడు ఒక్క నిమిషం ఆలోచించినా కథ నిలబడేది కాదు. ఎవరూ ఆలోచించలేదు. బిళ్ళ ఉంది కదా.

దిగేటప్పుడు దారి పక్క గూడెంలో మంచినీళ్ళడిగాను. నీళ్ళిచ్చిన ముసలమ్మకి ఆ సంగతి గుర్తుంది. అతన్ని మొదట చూసింది ఆమే.

"కాలిరిగి పడున్నాడు. ఎత్తబోతే ఎత్తనియ్యలేదు బాబూ" అంది. "మా బావ కూడా పడిపోయుంటాడు, ముందు ఆణ్ణి ఎతకండి అని ఒకటే గోల. రాళ్ళ కాడుంటానన్నాడు, నేడు, ఎక్కడో జారిపోయుంటాడు అంటాడు. మా మగోళ్ళు లోయంతా ఎతికారు. ఎవులూ దొరకలేదు. ఆ బావ దొరికాడా?"

దొరికాడని చెప్పాను. 

మర్నాడు పనికి వెళ్ళలేదు. జాలారిపేట వెళ్ళాను. అతను తాటాకు పందిరి కింద కాళ్ళు చాపుకుని వల కుడుతున్నాడు. ఎదురుగా ఇసుకలో కూర్చుని మొత్తం చెప్పాను. బీడీ, జలగ, రెండు బిళ్ళలు, చొక్కా జేబు. అతని చెయ్యి ఆగలేదు. నేను ముగించాక కూడా నాలుగు ముళ్ళు వేశాడు.

"మల్లీ సెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"ఆస్పత్రిలో కలిసి దిగాం అన్నావు."

"అబద్ధం."

"నాను బిళ్ళ తియ్యనేదు."

"తియ్యనేదు."

"నాను దిగనేదు."

"దిగనేదు బావా."

అతను వల పక్కన పెట్టాడు. ఇంటివైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఏమే! ఇలా రా! ఇంట్లో ఉన్నోల్లందర్నీ రమ్మను!"

భార్య, ఇద్దరన్నలు, వదినలు, పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందు మూడోసారి చెప్పాను. పెద్దన్న నా కాలరు పట్టుకుని లేపాడు.

"ఉండన్నా" అన్నాడు అతను. "ఇప్పుడు కొడితే ఆడు సెప్పడం మానీత్తాడు. ఆడు సెప్పాల్సినోల్లు ఇంకా సానామంది ఉన్నారు."

భార్య ముందుకొచ్చింది. "తిన్నానా అని నన్నడిగీవోడు బాబూ" అంది. "నీకు గుర్తుండదులే అని నానూ అనీదాన్ని. రోజూ అనీదాన్ని. నా సేత కూడా అనిపించావు."

 

ఆ వారమే అతను నన్ను సీతమ్మధార తీసుకెళ్ళాడు. పాత మేస్త్రి అక్కడ తన కొడుకు దగ్గర ఉంటున్నాడు, కళ్ళు సరిగా కనిపించవు. నేను చెప్పింది వింటూ తస్బీ జపమాల పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. "నేను తీగని చూశాను. మనిషిని అడగలేదు" అన్నాడు. చెయ్యి చాపి అతని భుజం వెతికి పట్టుకున్నాడు.  తర్వాత వర్క్‌షాపులో అందరినీ నిలబెట్టి చెప్పాను, మేస్త్రి పని వదులుకున్నాను. కొందరు విన్నారు. కొందరికి పాత కథే బాగుంది. గుండిగ జోకు అందులోనే కదా ఉంది. అందుకే ఇది రాయాల్సి వచ్చింది. రాయమన్నది కూడా అతనే. కాగితం మీద ఉంటే ఎవరూ మార్చలేరని అతని నమ్మకం. జాలారిపేటలో చెప్పిన రోజు నుంచి అతను నన్ను బావా అని పిలవలేదు. పేరు పెట్టి పిలుస్తున్నాడు.

రాసింది ముందు అతనికే ఇచ్చాను. ద్వారకా నగర్‌లో కోచింగుకి వెళ్ళే అతని కూతురు చదివి వినిపించింది. మడుగు దగ్గర భోజనం ఉన్న చోట అతను చెయ్యెత్తి ఆపాడు.

"కల్లు మాటేది?"

"అది రాత్తే మల్లీ అదే పట్టుకుంటారు" అన్నాను.

"తాగినమాట నిజం కదా?"

"నిజమే, కానీ..."

"నువ్వు నిజం రాత్తన్నావా, నన్ను మంచోణ్ణి సేత్తన్నావా? అది నీ పని కాదు. జరిగింది రాయి."

కూతురు నవ్వు ఆపుకుంటూ నాకు పెన్ను ఇచ్చింది.

అందుకని రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం మడుగు దగ్గరికి ఒక గిరిజనుడు కుండతో జీలుగు కల్లు తెచ్చాడు. అన్నానికి ముందు అతను ఒక గ్లాసు తాగాడు. నేను రెండు తాగాను. అతని గ్లాసులో మళ్ళీ పోయబోతే, నిచ్చెన దిగాలని చెప్పి చెయ్యి అడ్డం పెట్టాడు.